మంత్రాలయం: అమ్మతో ఒక్కరోజు దర్శనం
మోకాళ్ల నొప్పులున్న అమ్మతో ఒక్కరోజులో మంత్రాలయం వీలవుతుందా అని అడిగారు కదా, అవుతుంది, టెన్షన్ పడకండి. మంత్రాలయం రోడ్ స్టేషన్లో దిగండి, అక్కడి నుంచి ఊరు దాదాపు 15 కిలోమీటర్లు, ఆటో ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. గురువారం మాత్రం వద్దు, ఆ రద్దీలో అమ్మగారు నిలబడలేరు. ముందు గ్రామదేవత మంచాలమ్మ దర్శనం, ఆ తర్వాతే రాఘవేంద్రస్వామి బృందావనం, అంటే స్వామి సమాధి. 1671లో స్వామి సజీవంగా ప్రవేశించింది అక్కడే. మగవాళ్లు చొక్కా విప్పాలి, కండువా పెట్టుకోండి. తుంగభద్ర మెట్లు తడిసి జారుతుంటాయి, అమ్మగారిని దింపకుండా చెంబుతో నీళ్లు తెచ్చి తల మీద చల్లండి, మా అమ్మకి అలాగే చేశాను, కళ్లు మూసుకుని చాలాసేపు దణ్ణం పెట్టుకుంది. పంచముఖి ఆంజనేయస్వామి గుడి నది అవతల, కర్ణాటకలో ఉంది, ఓపికుంటేనే వెళ్లండి. పరిమళ ప్రసాదం మర్చిపోకండి.