లెట్యూస్ నారు మంచులోనే పోయండి

సందేహం: కావలి నుంచి షికాగో వచ్చి ఏడాది కాలేదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో లెట్యూస్ వెయ్యాలని ఉంది. చలి పోయేదాకా ఆగాలా?

ఆగొద్దు. మన నెల్లూరు, ఒంగోలు ఎండల్లో మట్టి 30 డిగ్రీలు దాటితే లెట్యూస్ గింజ మొలవడం మానేస్తుంది. చలి దానికి అలవాటే. 4, 5 డిగ్రీలకే మొలకెత్తుతుంది, అంతకన్నా చల్లబడితే గడ్డకట్టిన మట్టిలో చెడకుండా కాచుకుని ఉంటుంది.

వెలుతురు చొరబడే గ్యాలన్ పాల క్యాన్ ఒకటి చాలు. మూత తీసేయండి, గాలీ వానా అక్కడి నుంచే వెళ్లాలి. అడుగున పెన్సిలు పట్టేంత చిల్లులు ఏడెనిమిది పెట్టండి. 4 అంగుళాల ఎత్తులో చుట్టూ కోసి, పిడి కింద మాత్రం వదిలేయండి, తలుపులా తెరుచుకుంటుంది. 3 అంగుళాల మేర పాటింగ్ మిక్స్ (కుండీల కోసం అమ్మే తేలికపాటి మట్టి మిశ్రమం) నింపండి. తోట మట్టి బిగుసుకుపోయి నీళ్లు దిగనివ్వదు. బాగా తడిపి, ఇరవై గింజలు చల్లి అరచేత్తో అదమండి. తోటకూర గింజల్లో కలిపినట్టు చెంచాడు ఇసుక కలిపితే పలచగా పడతాయి. పైన మట్టి కప్పొద్దు, ఈ గింజకు వెలుతురు తగలాలి. చుట్టూ టేపు అంటించి, రకం పేరు పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా ఎండకు వెలిసిపోతుంది.

డిసెంబరు చివర, చలి నిలదొక్కుకున్నాక బయట పెట్టండి. నవంబరులో పెడితే నాలుగు వెచ్చటి రోజులకే మొలిచి, తర్వాతి గడ్డుచలికి చస్తాయి.

బాల్కనీలో అసలు చిక్కు పైకప్పు. మంచు పడక క్యాన్ ఎండిపోతుంది, గింజలు పోయేది ఎక్కువగా అందుకే. ఎత్తి చూడండి. తేలిగ్గా ఉంటే పళ్లెంలో నీళ్లు పోసి అరగంట అందులో ఉంచండి. మొలకలొచ్చాక, మార్చి ఎండ సూటిగా పడే రోజుల్లో పైభాగం తెరవకపోతే లోపల ఉడికిపోతాయి. రాత్రి మళ్లీ మూయండి.

నాలుగాకులు రాగానే 8 అంగుళాల ఎడంతో పెద్ద కుండీలోకి మార్చండి. బయటి ఆకులు గిల్లుతూ ఉంటే లోపలివి వస్తుంటాయి. జూన్ ఎండలకు కాడ సాగిందంటే ఆకు చేదెక్కుతుంది, ఆలోపే మొత్తం కోసుకోండి. ఆ కుండీలోనే గోంగూర వేసుకోవచ్చు. దానికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, మంచు తగిలితే ఒక్క రాత్రిలో మాడిపోతుంది. ఆ గింజలు కూడా ఇక్కడే కొనండి. ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవని ప్రభుత్వం ఇచ్చే పత్రం) లేకుండా ఊరి నుంచి తెస్తే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.