ప్లగ్-ఇన్ హైబ్రిడ్, రేంజ్ ఎక్స్‌టెండర్, పూర్తి ఎలక్ట్రిక్: మూడింటిలో ఏది కొనాలి?

ప్రశ్న ఇది: రోజూ ఆఫీసుకు రానూపోనూ 45 కిలోమీటర్లు. నెలకు ఒకటి రెండుసార్లు 400 కిలోమీటర్ల ప్రయాణం. ఇంటికి ఒకటే కారు. ప్లగ్ పెట్టి బ్యాటరీ నింపుకుని, అది అయిపోతే పెట్రోల్ ఇంజిన్ మీద నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ తీసుకోవాలా, ఇంజిన్‌తో కరెంటు తయారు చేసుకునే రేంజ్ ఎక్స్‌టెండర్ తీసుకోవాలా, లేక ఏకంగా ఎలక్ట్రిక్‌కే వెళ్లిపోవాలా?

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. రాత్రి కారు నిలిపే చోట మీ సొంత ప్లగ్ పాయింటు ఉందా, లేదా? చాలామంది దీన్ని ఎలక్ట్రిక్ కారుకు మాత్రమే అడగాల్సిన ప్రశ్న అనుకుంటారు. నిజానికి ఇది ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కే ఎక్కువ అవసరం. ఎలక్ట్రిక్ కారుకు వారానికి రెండుసార్లు ఎక్కడో ఒకచోట ఛార్జింగ్ పెట్టి నెట్టుకురావచ్చు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బ్యాటరీ చిన్నది, రోజూ రాత్రి పెట్టాల్సిందే. పెట్టకపోతే మీరు కొన్నది రెండు మూడు వందల కిలోల అదనపు బరువు మోసే పెట్రోల్ కారు. దానికంటే ప్లగ్ అవసరం లేకుండా ఇంజిన్‌తో, బ్రేకులతో తన బ్యాటరీ తానే నింపుకునే మామూలు హైబ్రిడ్ నయం. యూరోపియన్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక చూడండి: రోడ్డు మీద తిరుగుతున్న ప్లగ్-ఇన్ హైబ్రిడ్ల కార్బన్ ఉద్గారాలు ల్యాబ్ లెక్కకు సగటున 3.5 రెట్లు వచ్చాయి. సాధారణ ఇంజిన్ కార్లలో ఆ తేడా 20 శాతం చుట్టూ మాత్రమే. జనం అనుకున్నంత తరచుగా ఛార్జింగ్ పెట్టడం లేదు, బ్యాటరీ మీద అనుకున్నంతగా నడపడమూ లేదు.

ఇక పేర్ల గందరగోళం. షోరూముల్లో ఈ మాటలన్నీ కలగాపులగంగా వాడేస్తారు. మీరు అడగాల్సింది ఒకటే: ఇంజిన్ ఎప్పుడైనా నేరుగా చక్రాలు తిప్పుతుందా? తిప్పితే అది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఎప్పుడూ తిప్పకుండా జనరేటర్‌ను మాత్రమే తిప్పితే రేంజ్ ఎక్స్‌టెండర్. మధ్యరకాలూ ఉన్నాయి. 2010 చివర్లో వచ్చిన షెవ్రొలె వోల్ట్‌ను ఎక్స్‌టెండెడ్ రేంజ్ కారనే అమ్మారు. కానీ బ్యాటరీ అయిపోయాక హైవే వేగంలో దాని ఇంజిన్ గేర్ల ద్వారా చక్రాలకూ కొంత బలం ఇచ్చేది. అది లోపమేమీ కాదు, తెలివైన పని. ఎందుకో చెబుతాను.

ఇంజిన్ బలం జనరేటర్‌లో కరెంటుగా మారి, ఇన్వర్టర్ దాటి, మోటార్‌లో మళ్లీ తిరిగే బలం అయ్యేసరికి దారిలో 15 శాతం దాకా పోతుంది. నేరుగా గేర్ల మీదుగా చక్రానికి వెళ్తే పోయేది చాలా తక్కువ. సిటీలో ఈ నష్టం పట్టించుకోనక్కర్లేదు. ఆగుతూ కదులుతూ వెళ్లే ట్రాఫిక్‌లో ఇంజిన్ తనకు నప్పే వేగంలో తిరుగుతూ కరెంటు చేసిపెడుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా కొంత వెనక్కి వస్తుంది. గంటకు 110 మీద నిలకడగా పోయే హైవేలో మాత్రం రేంజ్ ఎక్స్‌టెండర్ అదే సైజు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కంటే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. గుర్తుపెట్టుకోవడానికి ఒక లెక్క: లీటరు పెట్రోల్‌కు మంచి జనరేటర్ సుమారు 3 యూనిట్ల (యూనిట్ అంటే ఒక కిలోవాట్-అవర్) కరెంటు ఇస్తుంది. పెద్ద కారు హైవే మీద 100 కిలోమీటర్లకు 21 యూనిట్లు తింటే, బ్యాటరీ ఖాళీ అయ్యాక 100కు 7 లీటర్లు పోసుకోవాలి.

రేంజ్ ఎక్స్‌టెండర్ కొనేవాళ్లు ఇంజిన్ ఎన్ని సీసీలని అడుగుతారు. దాంతో పనిలేదు. జనరేటర్ ఆగకుండా ఎన్ని కిలోవాట్లు ఇవ్వగలదో అడగండి. రెండు టన్నుల కారు ఘాట్ రోడ్డు ఎక్కుతోందనుకోండి, వంద మీటర్లకు 6 మీటర్ల ఎత్తు, వేగం 80. ఎత్తు ఎక్కడానికే 26 కిలోవాట్లు కావాలి. గాలి, టైర్ల రాపిడి, మోటార్‌లో పోయేది, ఏసీ అన్నీ కలిపితే 40 దాటుతుంది. జనరేటర్ ఇచ్చేది 25 అయితే మిగతా 15 బ్యాటరీలోంచే రావాలి. అడుగున 2 యూనిట్లే మిగిలి ఉంటే అవి 8 నిమిషాలకు, అంటే 10 కిలోమీటర్లకు అయిపోతాయి. తర్వాత ఎంత తొక్కినా కారు జనరేటర్ ఇచ్చినంతే లాగుతుంది, లారీల వెనక లారీలా పోవాల్సిందే. ఇది ఊహ కాదు. బీఎండబ్ల్యూ ఐ3 రేంజ్ ఎక్స్‌టెండర్‌లో ఉన్నది 647 సీసీల స్కూటర్ ఇంజిన్, 25 కిలోవాట్ల జనరేటర్. అమెరికాలో కాలిఫోర్నియా నిబంధనల కోసం బ్యాటరీ 6 శాతం దగ్గరకు దిగాకే ఇంజిన్ మొదలయ్యేలా పెట్టారు. దాంతో పొడవాటి ఎత్తుల మీద వేగం పడిపోయేది. యూరప్‌లో అమ్మిన అదే కారులో బ్యాటరీ 75 శాతం కంటే తగ్గాక డ్రైవరే ఇంజిన్ వేసుకుని ఛార్జ్ కాపాడుకోవచ్చు. ఇంజిన్ అదే అయినా ఆ ఒక్క బటన్‌తో ఇబ్బంది చాలావరకు పోయింది.

కాబట్టి ఘాట్ రోడ్డుకు గంట ముందే బ్యాటరీని వాడకుండా దాచి ఇంజిన్ మీద నడిపే 'సేవ్' లేదా 'హోల్డ్' మోడ్ వేసి 30–40 శాతం మిగుల్చుకోండి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లోనూ హైవే ఎక్కగానే 'సేవ్' వేసి, ఆ కరెంటును ఊళ్లోకి దిగాక ట్రాఫిక్‌లో వాడుకోవడం లాభం. 'ఛార్జ్' మోడ్ జోలికి మాత్రం పోకండి. నడుస్తున్న కారులో పెట్రోల్ కాల్చి బ్యాటరీ నింపుకోవడం ప్లగ్ కరెంటు కంటే చాలా ఖరీదు.

బ్యాటరీ సైజుల్లో తేడా చాలా ఉంది. టయోటా ప్రియస్ ప్లగ్-ఇన్‌లో 13.6 యూనిట్లు, అమెరికా లెక్కలో సుమారు 70 కిలోమీటర్లు. 2023 మోడల్ మిత్సుబిషి అవుట్‌లాండర్‌లో 20 యూనిట్లు, కానీ బరువైన కారు కాబట్టి 60 కిలోమీటర్లు. మాజ్డా ఎంఎక్స్-30 రోటరీ రకంలో 17.8 యూనిట్లు, తోడుగా 830 సీసీల ఒంటి రోటార్ ఇంజిన్, 50 లీటర్ల ట్యాంకు. చైనాలో 2022లో వచ్చిన లీ ఎల్9లో ఏకంగా 44.5 యూనిట్లు, 1.5 లీటర్ల టర్బో ఇంజిన్. ఈ చివరిదాంట్లో వారమంతా ఇంజిన్ పలక్కపోవచ్చు.

మీ 45 కిలోమీటర్ల సంగతి చూద్దాం. కాగితం మీద 60 ఇచ్చే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఏసీ వేసి కాస్త వేగంగా పోతే 48–50 ఇస్తుంది. ఏడెనిమిదేళ్లకు బ్యాటరీ 20 శాతం తగ్గిందనుకుంటే 40. అంటే అప్పుడు రోజూ ఇంటికి చేరే ముందు ఇంజిన్ లేస్తుంది. చల్లటి ఇంజిన్ ఐదు కిలోమీటర్ల కోసం లేవడం అన్నిటికంటే చెడ్డ పరిస్థితి. కాబట్టి కాగితం మీద కనీసం 75 ఉన్నదే చూడండి.

ఆ ఇంజిన్ గురించి ఎవరూ ముందుగా చెప్పని విషయాలు కొన్ని. ఇంజిన్ కొద్దిసేపే నడిచి ఆగితే నూనె పూర్తిగా వేడెక్కదు. కాలకుండా జారిన పెట్రోల్, ఆవిరై చేరిన నీరు నూనెలోనే ఉండిపోతాయి. డిప్‌స్టిక్ తీసి చూడండి: నూనె మట్టం తగ్గాల్సింది పోయి పెరిగినా, పెట్రోల్ వాసన వచ్చినా, మూత కింద పాల మీగడలాంటి తెల్లని పొర కనిపించినా విషయం అదే. మందు కూడా తేలికే: నెలకోసారి అరగంట ఆగకుండా ఇంజిన్ మీద నడపండి, కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి నూనె మార్చండి. పెట్రోల్ కూడా నెలల తరబడి ట్యాంకులో ఉంటే పాడవుతుంది. పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా వీటిలో చాలావాటికి ట్యాంకు సీలు వేసి ఉంటుంది. మూత బటన్ నొక్కాక ఒత్తిడి దిగేదాకా కొన్ని సెకన్లు ఆగాలి, గట్టిగా లాగకండి. ఇంజిన్ వారాల తరబడి లేవకపోతే వోల్ట్ తానే నడుపుతానని అడుగుతుంది, ట్యాంకులో ఇంధనం ఏడాది పాతబడితే దాన్ని కాల్చేస్తుంది. ఊళ్లో తిరిగేవాళ్లు ట్యాంకు నింపి పెట్టుకోకండి, పావు వంతు చాలు.

చిన్న బ్యాటరీ మీద శ్రమ కూడా ఎక్కువే. ఏడాదికి 16,000 కిలోమీటర్లు కరెంటు మీద తిరిగితే, 50 కిలోమీటర్లిచ్చే బ్యాటరీ 320 సార్లు నిండి ఖాళీ అవుతుంది. 320 కిలోమీటర్లిచ్చే 60 యూనిట్ల బ్యాటరీ 50 సార్లే. అందుకే కంపెనీలు చిన్న బ్యాటరీలో పైనా కిందా కొంత భాగాన్ని తాళం వేసినట్టు వదిలేస్తాయి. మొదటి వోల్ట్‌లో 16 యూనిట్లుంటే వాడుకోనిచ్చింది సుమారు 10. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను అందువల్ల 100 శాతం నింపినా భయం లేదు. పూర్తి ఎలక్ట్రిక్‌లో అయితే రసాయనాన్ని బట్టి ఉంటుంది. నికెల్ ఉన్న బ్యాటరీని రోజువారీ 80 దగ్గర ఆపండి, ప్రయాణం ముందు రాత్రి మాత్రం నింపండి. నికెల్ లేని ఐరన్ ఫాస్ఫేట్ రకం (ఎల్‌ఎఫ్‌పీ) అయితే కంపెనీ చెప్పినట్టు, సాధారణంగా వారానికోసారి 100 దాకా పెట్టాలి. లేకపోతే మీటర్‌లో శాతం తప్పు చూపిస్తుంది, 12 శాతం ఉందనుకున్న కారు ఉన్నట్టుండి 3కి దిగుతుంది.

ప్లగ్ విషయానికి వస్తే, 230 వోల్టుల్లో 10 ఆంపియర్ల పోర్టబుల్ ఛార్జర్ 2.3 కిలోవాట్లు లాగుతుంది. పది గంటల్లో 23 యూనిట్లు, నష్టాలు పోను బ్యాటరీలోకి 20. మామూలు కారుకు 110–120 కిలోమీటర్లు. మీ 45కి ఇది ధారాళంగా సరిపోతుంది. ఎలక్ట్రిక్ కారంటే గోడకు పెద్ద ఛార్జర్ ఉండాల్సిందేనని భయపడకండి. కానీ ఆ పాయింటుకు మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను వేయించండి: 16 ఆంపియర్లకు 4 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు, సొంత ఎంసీబీ, కరెంటు లీకైతే లైను ఆపేసే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్. 32 ఆంపియర్ల ఛార్జరైతే కనీసం 6 స్క్వేర్ ఎంఎం, దూరం ఎక్కువైతే ఇంకా పెంచాలి. గీజర్‌కు వాడిన పాత సాకెట్‌లో పెట్టకండి. గీజర్ పావుగంట నడిచి ఆగుతుంది, కారు రాత్రంతా లాగుతుంది. సాకెట్ వెనక స్క్రూ కాస్త వదులైతే చాలు, అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరుగుతుంది. మొదటిరోజు గంట తర్వాత ఛార్జింగ్ ఆపి ప్లగ్ తీసి పట్టుకు చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఇక పెట్టకండి.

400 కిలోమీటర్ల ప్రయాణం 60 యూనిట్ల ఎలక్ట్రిక్ కారులో ఎలా ఉంటుందంటే: 100 శాతంతో బయలుదేరి 10 దాకా వాడితే 54 యూనిట్లు. హైవేలో 100 కిలోమీటర్లకు 19 లెక్కన 280 కిలోమీటర్లు. అంచుదాకా పోకుండా 220–250 మధ్య ఆగండి, అరగంట డీసీ ఛార్జింగ్ (స్టేషన్లలో ఉండే ఫాస్ట్ ఛార్జింగ్) పెట్టి భోంచేసి బయలుదేరండి. 80 దాటాక ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడే తీసేయండి. ఒక్క స్టేషన్‌ను నమ్ముకోవద్దు, అది పనిచేయకపోతే చేరగలిగే దూరంలో రెండోది ఉండాలి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్లలో ఎక్కువవాటికి డీసీ ఛార్జింగ్ ఉండదు, ఇంట్లో వచ్చేలాంటి మామూలు కరెంటుతో నెమ్మదిగా 3.3 నుంచి 7 కిలోవాట్లే. దారిలో వాటికి ఛార్జింగ్ పెట్టుకుని కూర్చోవడం సమయం దండగ.

ఖర్చుకు స్థూలంగా ఒక కొలత. 100 కిలోమీటర్లకు గోడ దగ్గర 20 యూనిట్లు, లేదా 6 లీటర్ల పెట్రోల్. అంటే యూనిట్ ధర లీటరు ధరలో 30 శాతానికి చేరితే కరెంటు లాభం సున్నా. ఇంట్లో కరెంటు ఎక్కడైనా సాధారణంగా దీనికి చాలా కిందే ఉంటుంది. హైవే డీసీ స్టేషన్ల ధర కొన్నిచోట్ల ఈ గీత దగ్గరకు వస్తుంది, ముందే చూసుకోండి.

మీ విషయంలో నా మాట: సొంత ప్లగ్ ఉండి, ఆ 400 కిలోమీటర్ల దారిలో రెండు మూడు చోట్ల డీసీ ఛార్జర్లు ఉంటే పూర్తి ఎలక్ట్రిక్ తీసుకోండి. రెండు యంత్రాల సర్వీసు నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ప్లగ్ ఉంది, దారిలో ఛార్జర్లు లేవు, హైవే తిరుగుడు కూడా ఎక్కువే అంటే ప్లగ్-ఇన్ హైబ్రిడ్. రోజువారీ తిరుగుడు వంద దాటి, దూర ప్రయాణాలు అప్పుడప్పుడే అయితే పెద్ద బ్యాటరీ, 60 కిలోవాట్లు దాటిన జనరేటర్ ఉన్న రేంజ్ ఎక్స్‌టెండర్. ప్లగ్ లేకపోతే ప్లగ్ లేని మామూలు హైబ్రిడ్, మొహమాటం అక్కర్లేదు.

ఇంజిన్ ఉన్న రెండింట్లో ఏది చూసినా టెస్ట్ డ్రైవ్‌కు నిండు బ్యాటరీతో వెళ్లకండి. షోరూమువాళ్లు నింపే ఇస్తారు, అప్పుడు అన్నీ బాగానే ఉంటాయి. ఖాళీ చేసి ఉంచమని ముందురోజే ఫోన్‌లో చెప్పండి. నలుగురు కూర్చుని, ఏసీ వేసి, దగ్గర్లోని ఎత్తైన రోడ్డు మీద కాలు పూర్తిగా తొక్కి చూడండి. ఇంజిన్ రొద భరించగలరా, వేగం నిలబడుతుందా, ఏసీ చల్లదనం తగ్గుతోందా గమనించండి. దూర ప్రయాణంలో చివరి గంట మీరు నడపబోయేది సరిగ్గా ఆ కారునే.