సెకండరీ అమైన్‌ను రెజిన్‌కు కట్టాలంటే ట్రిటైలా, వాంగ్ కార్బమేటా?

పైపెరిడీన్ వలయం (ఒక నత్రజని ఉన్న ఆరు అణువుల వలయం) ఉన్న పదార్థాన్ని ఆ నత్రజనితో రెజిన్‌కు (చర్యలన్నీ తన మీదే జరిపించుకునే పాలిమర్ పూసలకు) కట్టి, సుజుకీ కప్లింగ్ (కార్బన్-కార్బన్ బంధం కలిపే చర్య), ఎస్టర్ హైడ్రాలిసిస్, ఎమైడ్ కప్లింగ్ చేశాక ఫ్రీ అమైన్‌గా తీయాలి, ఏ లింకర్ (రెజిన్‌కు పట్టి ఉంచే ముక్క) మేలని మీరు అడిగారు. నేనైతే వాంగ్ కార్బమేటే (వాంగ్ రెజిన్‌లోని బెంజైల్ ఆల్కహాల్‌కూ అమైన్‌కూ మధ్య –O–CO–N– బంధం) వాడతాను.

ట్రిటైల్ (ఒకే కార్బన్‌కు మూడు ఫినైల్ వలయాలు) క్లోరైడ్ రెజిన్ మీద అమైన్ ఎక్కడం తేలిక, దిగడం ఇంకా తేలిక: డీసీఎం (డైక్లోరోమీథేన్)లో 1–5% టీఎఫ్‌ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం) చాలు. చిక్కంతా అక్కడే. హైడ్రాలిసిస్ అయ్యాక కార్బాక్సిలేట్‌ను ఆమ్లంగా మార్చడానికి ఆసిటిక్ ఆమ్లంతో కడుగుతారు కదా, అప్పుడే కొంత సరుకు కారిపోవచ్చు. చాలామంది టీఎఫ్‌ఏ చుక్క వేసి, రెజిన్ ఎర్రబడితే అమైన్ ఎక్కిందనుకుంటారు. అమైన్ ఎక్కకుండా మిథనాల్‌తో క్యాప్ చేసిన (క్లోరైడ్ స్థానాలను మూసేసిన) రెజిన్ కూడా అలాగే ఎర్రబడుతుంది, కాబట్టి ఆ రంగును నమ్మకండి.

వాంగ్ రెజిన్‌ను పారా-నైట్రోఫినైల్ క్లోరోఫార్మేట్‌తో యాక్టివేట్ చేసి, బాగా కడిగి, డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్) ద్రావకంలో అమైన్‌ను బేస్‌తో కలిపి ఇవ్వండి. నైట్రోఫినాల్ విడిపోతుంటే ద్రావణం పసుపెక్కుతుంది. ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వర్ణపటంలో 1760 సెం.మీ⁻¹ దగ్గరి కార్బొనేట్ పీక్ పోయి 1700 దగ్గర కార్బమేట్ రావాలి. నేను దీన్నే ఎక్కువగా నమ్ముతాను. మీది సెకండరీ అమైన్ కావడం ఇక్కడ కలిసొచ్చింది. కార్బమేట్‌లో ఎన్‌హెచ్ లేదు గనక క్షారంలో ఐసోసయనేట్‌గా తెగే దారి లేదు. హైడ్రాలిసిస్‌కు నీళ్లు మాత్రమే వాడితే రెజిన్‌లోని పాలిస్టైరీన్ ఉబ్బదు, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) కలపాల్సిందే. లిథియం అల్యూమినియం హైడ్రైడ్ జోలికి మాత్రం పోకండి, ఎన్-మిథైల్ అమైన్ చేతికొస్తుంది (అదే కావాలనుకుంటే వేరే సంగతి).

చివర్లో డీసీఎంలో 50% టీఎఫ్‌ఏ, కొంచెం ట్రైఇథైల్‌సైలేన్. సైలేన్ లేకపోతే లింకర్ నుంచి పుట్టే బెంజైల్ కాటయాన్ ఎలక్ట్రాన్లు ఎక్కువున్న వలయాలకు అంటుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ పోయి, అమైన్ టీఎఫ్‌ఏ లవణంగా వస్తుంది. ఒక్కో క్షార నత్రజనికి అణుభారం 114 పెరుగుతుంది. అది తీసేయకుండా లెక్కేస్తే దిగుబడి నూరు శాతం దాటినా ఆశ్చర్యపోవద్దు!

టెర్షియరీ అమైన్ కావాలంటే దారి వేరు: ఆర్‌ఈఎం రెజిన్ (ఎక్రిలేట్ ఎస్టర్ ఉన్న రెజిన్). ఎక్రిలేట్‌కు అమైన్‌ను మైకేల్ చర్యతో కలిపి, హాలైడ్‌తో క్వాటర్నరీ చేసి, డీఐపీఈఏ (డైఐసోప్రొపైల్‌ఇథైల్‌అమైన్) అనే క్షారంతో హాఫ్‌మన్ ఎలిమినేషన్ చేస్తే అమైన్ బయటికొస్తుంది, రెజిన్ మళ్లీ పనికొస్తుంది. ఎవరైనా బీఏఎల్ (బ్యాక్‌బోన్ ఎమైడ్ లింకర్) వాడమంటే వద్దనండి. అది ప్రైమరీ అమైన్లను ఎక్కించడానికి, అదీ ఆ నత్రజనిని తర్వాత ఎమైడ్‌గానో సల్ఫోనమైడ్‌గానో మార్చేటప్పుడే. ఉత్త అమైన్‌గా వదిలేస్తే టీఎఫ్‌ఏకి సరిగా తెగదు.