డాబా మీద మాత్రం వద్దు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న కాన్వాసు కొన్నావట. బొమ్మలో మనిషీ లేడు, చెట్టూ లేదు, అంతా రంగేనట. జనవరిలో ప్రదర్శనకు గది మాట్లాడి బయానా కూడా ఇచ్చేశావట. "దీనికి ఏమయిందన్నయ్యా?" అని ఆవిడ బెంగ. నేను ఫోను పెట్టేసి, వరండాలో కూర్చుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తర్వాత నిద్ర పట్టలేదు. దాన్ని డాబా మీద వేస్తున్నావని చివర్లో చెప్పింది మరి.

నోటితో చెబితే "సరే మావయ్యా" అని నాలుగుసార్లు అని, నీ ఇష్టం వచ్చినట్టు చేస్తావు. అందుకే భీమిలి నుంచి ఎంవీపీ కాలనీకి, బస్సెక్కితే గంటలో చేరే దూరానికి, ఉత్తరం రాస్తున్నాను.

కాన్వాసు బిగువుగా కొట్టించు. ప్రైమర్ రెండు పూతలు వెయ్యి, మధ్యలో గరుకు కాగితంతో రుద్దు. కింది పొరల్లో నూనె తక్కువ, పైకి వచ్చేకొద్దీ ఎక్కువ. ఇవి నీకు తెలుసు.

డాబా సంగతి నీకు తెలియదు. వచ్చేది అక్టోబరు. 2014 అక్టోబరు 12 నీకు గుర్తుందో లేదో. హుద్‌హుద్ తుఫాను వెళ్ళిపోయాక కొవ్వొత్తులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న చిన్నపిల్లవి. నా కిటికీ తలుపు ఊడి, గోడకు ఆనించిన పదకొండు బొమ్మలు తడిశాయి. రెండయితే దొరకనే లేదు. రేకు వేయించాం కదా అంటావేమో. మా రేకు పక్క వీధిలో దొరికింది. సరే, తుఫాను రాదనే అనుకుందాం. ఆయిల్ రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. మందంగా పూసిన చోట పైన తోలు కట్టి, లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. అన్నాళ్ళూ డాబా మీది దుమ్మూ ఉప్పుగాలీ దాని మీదే. మీ హాల్లో సోఫా జరిపించు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

ఇక ఇసుక. రుషికొండ నుంచి సంచీడు ఇసుక తెచ్చావట, రంగులో కలపడానికి. అది వినగానే నా అరచేతులకు చెమట పట్టింది.

1991లో మీ అమ్మ పెళ్ళికి ఒక బొమ్మ వేశాను. అప్పట్లో నాకు ఎర్రమట్టి దిబ్బల పిచ్చి. సాయంత్రం ఎండ పడ్డప్పుడు ఆ మట్టి లోపలి నుంచి కాలుతున్నట్టు ఉంటుంది కదా, ఆ ఎరుపు కావాలని నెలరోజులు కొట్టుకున్నాను. రంగుతో తేవడం చేతకాలేదు. అసలు నిజం అదే. చేతకాక, సైకిలు మీద వెళ్ళి రెండు సంచుల మట్టే తెచ్చేశాను. (అప్పుడు అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడది కాపాడుకోవలసిన భూవారసత్వ స్థలం, నువ్వు పిడికెడు కూడా తేవద్దు.) చాలదన్నట్టు ఒడ్డున దొరికే నల్లటి ఇసుక కూడా కలిపాను. కడగలేదు. ఎండబెడితే చాలుననుకున్నాను. వడ్రంగులు వాడే తెల్ల జిగురుతో వేలిమందాన పరిచి, దాని మీద ఆయిల్ రంగు పూశాను. పెళ్ళిలో చుట్టాలందరూ వేళ్ళతో తడిమి చూశారు. నేను పొంగిపోయాను.

కడగని ఇసుకలో ఉండిపోయిన ఉప్పు, గాలిలోని తేమను లాగుతుంది. తేమకు ఆ జిగురు మెత్తబడుతుంది. గుడ్డ వానకు ఒకలా, ఎండకు ఒకలా కదులుతుంది, రాయిలాంటి ఇసుక పొర కదలదు. ఈ మూడూ నాకు చెప్పేవాళ్ళు లేక కాదు, అడగాలని నాకు తోచలేదు.

మరుసటి ఏడు శ్రావణంలో ఉక్కునగరంలో వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళాను. బొమ్మ కింద గచ్చు మీద ఎర్రటి చిన్న కుప్ప. మీ అమ్మ నన్ను చూసి, చేతిలోని చీపురును తలుపు వెనక్కి తోసింది. ఎన్నో నెలలుగా రోజూ పొద్దున్నే ఊడుస్తోందట, ఉత్తరాల్లో నాకొక్క ముక్క రాయలేదు. పైన ఎడమ మూల ఉత్త గుడ్డ బయటపడింది. మిగతాది మానుతున్న పుండు మీద చెక్కులా లేచి ఉంది. "దిబ్బల్లోంచి వచ్చింది, దిబ్బల్లోకే పోతోంది బావగారూ" అని మీ నాన్న నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బయల్దేరేటప్పుడు మీ అమ్మ ఒక హార్లిక్స్ సీసా చేతిలో పెట్టింది. ఊడ్చిన మట్టంతా అందులో ఉంది. "పారేయడానికి చేతులు రాలేదన్నయ్యా" అంది.

ఆ సీసా ఇప్పటికీ నా కిటికీలోనే ఉంది.

అంతగా ఇసుక కావాలంటే ఆరేడుసార్లు మంచినీళ్ళలో కడుగు, నాలుకకు తగిలించి చూడు. నీళ్ళతో కలిసే యాక్రిలిక్ పేస్టులో కలిపి పలచగా పరుచు. దాని మీద ఆయిల్ రంగు వేయవచ్చు. ఆయిల్ మీద యాక్రిలిక్ మాత్రం ఎన్నడూ వద్దు.

నన్నడిగితే, ముందు ఒకసారి ఢిల్లీ వెళ్ళి, జైపూర్ హౌస్‌లోని జాతీయ ఆధునిక కళల మ్యూజియంలో చిత్రకారుడు గాయ్‌తొండే బొమ్మ చూసి రా. దూరం నుంచి నాచు పట్టిన పాత గోడలా ఎంతో మందంగా కనిపించింది నాకు. దగ్గరికి వెళ్ళి పక్కవాటుగా చూస్తే పొర ఎంత పలచనో! ఆయన రోలర్‌తో పరిచేవారు, రంగు పూసే నైఫ్‌తో గీకేవారు, పచ్చిరంగు మీద చింపిన కాగితాలు వేసి లేపేవారు. అంటించడం కంటే తీసేయడమే ఎక్కువ. తిరిగి వచ్చి నేనూ ప్రయత్నించాను. నీలం మీద న్యూస్‌పేపరు అద్ది, ఒక మూల పట్టుకుని మెల్లగా లేపితే, రంగు కాగితాన్ని వదల్లేక సాగి, తెగి, తమలపాకు వెనక ఈనెల్లా నిలిచింది. ఒళ్ళు ఝల్లుమంది. తీరా చూస్తే ఒక పక్క "వధువు కావలెను" అని తిరగబడి అచ్చయింది! నువ్వు తెల్లకాగితం వాడు.

సముద్రం కదా అని నీలం డబ్బాలు ఖాళీ చేయకు. శ్రావణంలో మన సముద్రం జీలకర్ర నీళ్ళ రంగులో ఉంటుంది, వెళ్ళి చూడు. కింద గోధుమరంగు పూసి పూర్తిగా ఆరనిచ్చి, పైన నీలం పలచగా వేసి, అక్కడక్కడ గీకు. రెండు రంగులూ కలవకుండానే మూడోది కనబడుతుంది. జనవరికి కాకపోతే ప్రదర్శన వాయిదా వెయ్యి. 1950లో ఫ్రాన్స్ వెళ్ళిన చిత్రకారుడు రజాకు, ఆయన బొమ్మలకు గుర్తుగా మారిన నల్లటి బిందువు దొరకడానికి పాతికేళ్ళకు పైనే పట్టింది. బయానా పోతే పోనీ, నేనిస్తాను. మీ అమ్మకు చెప్పకు.

ఆదివారం రా. నా నైఫులు మూడున్నాయి, పెద్దవి రెండూ తీసుకెళ్ళు, తిరిగి ఇవ్వనక్కర్లేదు. పిడికి గుడ్డ చుట్టినది మాత్రం నాకు వదిలెయ్, నా చెయ్యి దానికే అలవాటు పడింది.

నీ మావయ్య