స్టాక్‌హోమ్ రైలెక్కే ముందు ఇంట్లో ఆరు నెలల ఖర్చుందా?

ప్రశ్న: మాది మియాపూర్. నా వయసు 37, ఐటీ ఉద్యోగం. నెలకు చేతికొచ్చేది 1,32,000. నా భార్య టీచర్, జీతం 38,000. బాబుకు 8 ఏళ్లు. ఇంటి లోను ఈఎంఐ 46,000, కారుది 13,500. స్కూలు ఫీజు, పాలసీ ప్రీమియంతో కలిపి ఇంటి ఖర్చు 62,000. ఖమ్మంలో ఉండే అమ్మానాన్నలకు 12,000 పంపిస్తాను. నాన్నకు 68, షుగర్ ఉంది. సిప్ (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే మొత్తం) 15,000 కడుతున్నాం. సేవింగ్స్ ఖాతాలో 1,10,000, ఫండ్లలో 5.2 లక్షలు ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన 5 లక్షల హెల్త్ పాలసీ, 6 లక్షల ఎండోమెంట్ పాలసీ (పొదుపూ జీవిత బీమా కలిసినది) ఉన్నాయి. ఏటా ఏప్రిల్‌లో బోనస్ 2 లక్షలు వస్తుంది. వచ్చే వేసవి సెలవుల్లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో దిగి, రైళ్లలో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్, నార్వేలోని ఓస్లో మీదుగా బెర్గెన్ దాకా 11 రోజులు తిరగాలని మా ఆశ. స్టాక్‌హోమ్‌లో మా బావమరిది ఇంట్లో మూడు రోజులు ఆగుతాం. 7 లక్షలవుతుంది. బ్యాంకు యాప్‌లో 5 లక్షల ప్రీ-అప్రూవ్డ్ లోను చూపిస్తోంది, 14 శాతం వడ్డీ, మూడేళ్లు. మిగతా 2 లక్షలు కార్డు మీద గీకి 16 శాతానికి 12 నెలల ఈఎంఐగా మార్చుకుంటాను. ఏడాది సిప్ ఆపితే సరిపోతుంది. రైళ్లకు పాస్ తీసుకోవాలా, విడి టికెట్లా? ఏ ఫారెక్స్ కార్డు (విదేశీ కరెన్సీ నింపుకునే కార్డు) మంచిది?

జవాబు: పాస్ గురించి, ఫారెక్స్ కార్డు గురించి చివర్లో చెబుతాను. అవి తప్పినా నష్టం వేలల్లోనే ఉంటుంది. మీ ఉత్తరంలో అసలు ప్రమాదం మీరు ప్రశ్నగా కూడా అనుకోని చోట ఉంది. ఈ మధ్య నాకొచ్చే ఉత్తరాల్లో చాలావాటిలో ఇదే వరస కనిపిస్తోంది కాబట్టి మీ లెక్కను అందరి ముందూ విప్పుతున్నాను. అన్యథా భావించకండి.

ముందు మీరు చేసిన లెక్కే పూర్తి చేద్దాం. ఇద్దరి జీతం 1,70,000. మీరు రాసిన ఖర్చులన్నీ, సిప్‌తో సహా, 1,48,500. మిగిలేది 21,500. ఇక అప్పులు చూడండి. 5 లక్షల లోనుకు నెలకు 17,088. కార్డు 2 లక్షలకు నెలకు 18,146. రెండూ కలిపి 35,234. సిప్ ఆపితే మీ చేతిలో ఉండేది 36,500. అంటే ఊరి నుంచి తిరిగొచ్చాక ఏడాది పాటు మీ ఇంట్లో నెలాఖరుకు మిగిలేది 1,266 రూపాయలు. దీన్ని మీరు ‘సరిపోతుంది’ అన్నారు. బాబుకు జ్వరం వచ్చి రెండు రక్త పరీక్షలు రాస్తే సరిపోదు. కారు టైర్లు మార్చాల్సి వస్తే సరిపోదు. కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, లోనుకు ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. అవి నేనింకా కలపనేలేదు.

ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే, మిగిలిన బాకీ మీద నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడే కార్డులే ఎక్కువ. అప్పుడు ఆ కార్డు కట్టడానికి ఇంకో కార్డు తీస్తారు. ‘ప్రీ-అప్రూవ్డ్’ అని యాప్‌లో మెరుస్తోందంటే, మీకు అప్పిస్తే తనకు రిస్కు తక్కువని బ్యాంకు లెక్క వేసుకుంది, అంతే. ఆ అప్పు మీకు మంచిదా కాదా అని అక్కడ ఎవరూ చూడలేదు. ఇల్లు కొనడానికి అప్పు చేశారు, అర్థముంది. పదకొండు రోజుల ప్రయాణానికి మూడేళ్ల అప్పేమిటండీ? వడ్డీయే 1,33,000 దాకా అవుతోంది.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉద్యోగం రేపు పోయిందనుకోండి. ఐటీలో ఈ మాట ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. ఇంట్లోకి వచ్చేది మీ శ్రీమతి జీతం 38,000. ఇంటి లోను ఈఎంఐ ఒక్కటే 46,000. ఆ జీతానికి ఖాతాలో ఉన్న 1,10,000 తోడు చేసినా మీ ఇంటికి నెలన్నర కూడా రాదు, ఎందుకంటే సిప్ తీసేసినా తప్పనిసరి ఖర్చు నెలకు 1,33,500. ఉద్యోగం పోయిన రోజునే కంపెనీ హెల్త్ పాలసీ కూడా పోతుంది. జీతం, వైద్యానికి రక్షణ, రెండూ ఒకే రోజున చేజారే పరిస్థితిలో మీరున్నారు. ఆ పైన ఈ కొత్త అప్పు 35,234 కూడా పెట్టి చూడండి. రాత్రి నిద్రపడుతుందా?

షెంగెన్ వీసాకు (ఈ మూడు దేశాలకూ పనికొచ్చే ఉమ్మడి వీసా) వెళ్లినప్పుడు మిమ్మల్ని రెండు విషయాలు గట్టిగా అడుగుతారు. ఒకటి, గత కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంటు. రెండోది, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ట్రావెల్ ఇన్సూరెన్స్. మన లెక్కలో అది సుమారు 30 లక్షలు. అది లేకుండా వీసా రాదు కాబట్టి మీరు మారుమాట్లాడకుండా కొంటారు. పరాయి దేశంలో 11 రోజులకు 30 లక్షల రక్షణ ఉండాలంటున్నారు. మిగిలిన 354 రోజులు మియాపూర్‌లో నలుగురినీ ఐదుగురినీ మోసే మనిషి మీరు. ఆ రోజుల్లో మీకున్నది కంపెనీ దయ మీద ఆధారపడిన 5 లక్షలు. మీకేమైనా అయితే మీ కుటుంబానికి అందేది ఎండోమెంట్ నుంచి 6 లక్షలు. ఇంటి ఖర్చూ ఈఎంఐలూ కలిపితే అది ఐదు నెలలకు కూడా రాదు. ఇంటి లోను బాకీ అలాగే నిలబడి ఉంటుంది.

స్టాక్‌హోమ్‌లో ఆగితే మీ బావమరిది మిమ్మల్ని తప్పకుండా వాసా మ్యూజియానికి తీసుకెళతాడు. వాసా అంటే స్వీడన్ రాజు ముచ్చటపడి కట్టించిన యుద్ధనౌక. రెండు అంతస్తుల్లో 64 ఫిరంగులు ఎక్కించారు. 1628 ఆగస్టు 10న జనమంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా బయలుదేరి, దాదాపు 1,300 మీటర్లు వెళ్లి, ఒక గాలి విసురుకే పక్కకు ఒరిగి మునిగిపోయింది. పెద్ద తుపాను కూడా రాలేదు. పైన బరువు ఎక్కువైంది, ఓడను నిలబెట్టడానికి అడుగున పోసే రాళ్ల బరువు చాలలేదు. 1961లో పైకి తీశారు. దాని ముందు నిలబడినప్పుడు మీ నెలవారీ లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి. ఇల్లు, కారు, ఇప్పుడు ప్రయాణం, అన్నీ పైన ఎక్కుతున్నాయి. అడుగున ఉన్నది లక్షా పదివేలు.

కాబట్టి నా సలహా: ప్రయాణం మానుకోవద్దు, రెండేళ్లు వెనక్కి జరపండి. అప్పు మాత్రం ముట్టుకోవద్దు.

అప్పు తీర్చడానికి ఏడాది సిప్ ఆపగలనని మీరే అన్నారు. అంత గట్టి మనసుంటే, అదే డబ్బు మీకోసం ఆపండి. మీకు మంచిది కాదని తెలిసీ బ్యాంకు కోసం చేయగలిగింది, ఇంటి కోసం ఎందుకు చేయలేరు? నెలకు 36,500లో 5,500 ముందు బీమాకు పక్కన పెట్టండి. మీ పేరున కనీసం 1.5 కోట్ల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్మిచ్చే జీవిత బీమా), మీ ముగ్గురికీ కలిపి ఒకే హెల్త్ పాలసీగా 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్, వీలైతే దానిమీద, ఆ పరిమితి దాటిన ఖర్చుకు పనికొచ్చే ఒక సూపర్ టాపప్. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి ఇంతకుముందు బరువనిపించినవాళ్లు కూడా మళ్లీ ఒకసారి రేట్లు చూసుకోవచ్చు. షుగర్, బీపీ లాంటివి మీకు మొదలయ్యాక కొంటే ప్రీమియం పెరుగుతుంది, ఒక్కోసారి ఇవ్వను పొమ్మంటారు. 37లో ఉన్నారు, ఆలస్యం చేయకండి. కంపెనీ పాలసీ ఉంది కదా అని సొంత పాలసీ వాయిదా వేసేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ అవసరం వచ్చే రోజుకు వాళ్ల చేతిలో ఏదీ ఉండదు.

నాన్నగారి సంగతి వేరు. షుగర్ ముందే ఉంది కాబట్టి కొత్త పాలసీలో దానికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బు ఖర్చు ఇవ్వని కాలం) పెట్టవచ్చు. ముందు మీ కంపెనీ హెచ్‌ఆర్‌ను అడిగి, డబ్బు కడితే తల్లిదండ్రులను గ్రూప్ పాలసీలో చేర్చే వీలుందేమో కనుక్కోండి. దానికి నెలకు రెండు మూడు వేలు పోయినా, కింద నేను చెప్పే గడువు ఒకటి రెండు నెలలు జరుగుతుంది, అంతే. ఆయనకు 70 నిండగానే ఆయుష్మాన్ వయవందన కార్డుకు (70 దాటినవారికి ప్రభుత్వం ఇచ్చే వైద్య రక్షణ) దరఖాస్తు చేయించండి.

బీమా పోగా నెలకు 31,000 మిగులుతుంది. ఇది పూర్తిగా అత్యవసర నిధికి. మీకు కావలసింది ఆరు నెలల తప్పనిసరి ఖర్చు, అంటే 8,01,000. ఇప్పుడున్న 1,10,000, వచ్చే ఏప్రిల్ బోనస్ 2 లక్షలు, నెలకు 31,000 చొప్పున 16 నెలలు. 8,06,000 అవుతుంది. సగం స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (కావాల్సినప్పుడు ఖాతా నుంచే తీసుకోగలిగే డిపాజిట్), సగం లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగలిగే, రిస్కు తక్కువ ఫండ్) ఉంచండి. దీన్ని షేర్లలో పెట్టి ‘పెంచుదాం’ అనుకోవద్దు. ఇది పెరగడానికి పెట్టే డబ్బు కాదు, అవసరం పడ్డ రోజున ఉండటానికి పెట్టే డబ్బు. ఫండ్లలోని 5.2 లక్షలు కూడా ఈ లెక్కలోకి తేకండి. మార్కెట్ పడటం, ఉద్యోగాలు పోవడం చాలాసార్లు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తాయి. అవి అమ్మి ప్రయాణం చేయడం అప్పు కంటే నయమే గానీ, బాబు చదువుకు చేయి పెడుతున్నట్టే.

పదిహేడో నెల నుంచి సిప్ 15,000 మళ్లీ మొదలుపెట్టండి. మిగిలే 16,000 ప్రయాణం ఖాతాకు. నవంబరులో మొదలుపెట్టారనుకుంటే, ఆ మార్చి నుంచి తర్వాతి ఏడాది మే దాకా 15 నెలలకు 2,40,000. ఈ మధ్యలో వచ్చే రెండు ఏప్రిల్ బోనస్‌లు 4 లక్షలు. మొత్తం 6,40,000, రూపాయి అప్పు లేకుండా. మీరనుకున్న దారిలో వెళితే, మీరు నార్వే కొండల్లో రైలెక్కే ఆ మే నెలకు పాత లోనుకు ఇంకా దాదాపు ఏడాది ఈఎంఐలు మిగిలే ఉండేవి.

6.4 లక్షల్లో ఈ ప్రయాణం అవుతుందా? జాగ్రత్తగా ఉంటే అవుతుంది. ఎంచుకున్న దారి చాలా బాగుంది, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కోపెన్‌హాగెన్ నుంచి రైలు ముందు సొరంగంలోకి దిగి, మానవ నిర్మిత దీవి మీద తేలి, 2000లో తెరిచిన ఓరెసుండ్ వంతెన మీదుగా స్వీడన్‌లోకి వెళుతుంది. ఓస్లో–బెర్గెన్ దారి 1909 నాటిది. దాదాపు ఏడు గంటల ప్రయాణంలో ఫిన్సే స్టేషన్ 1,222 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి మామూలు రోడ్డు లేదు, రైలే దిక్కు. మే చివర్లో కూడా మంచు కనిపిస్తుంది, బాబుకు స్వెటర్ చేతిసంచిలో పెట్టండి. మిర్దాల్‌లో దిగి ఫ్లామ్ రైలెక్కితే 20 కిలోమీటర్లలో 866 మీటర్లు కిందికి దిగుతుంది. దాని టికెట్ ఖరీదే, అయినా దాన్ని తగ్గించమని చెప్పను. తగ్గించాల్సింది హోటళ్ల దగ్గర. స్టాక్‌హోమ్‌లో బావమరిది ఇంట్లో మూడు రోజులకు బదులు నాలుగు రోజులు ఉండండి, అక్కడ గది అద్దె లేదు, ఇంటి వంట. ఓస్లోలో ఒక రాత్రి చాలు. విమానం టికెట్ కోపెన్‌హాగెన్‌కు వెళ్లి బెర్గెన్ నుంచి తిరిగొచ్చేలా ఒకే బుకింగ్‌లో చూడండి, వెనక్కి ప్రయాణం ఖర్చు తప్పుతుంది.

పాస్ ప్రశ్నకు వస్తే, మీవి మూడు దూర ప్రయాణాలే. తేదీలు ఖాయం చేసుకుని ముందుగా విడి టికెట్లు కొంటే సాధారణంగా అవే చవక. పాస్ ఉన్నా స్వీడన్ ఫాస్ట్ రైళ్లలో సీటు రిజర్వేషన్‌కు వేరే డబ్బు కట్టాలి. అయితే యూరెయిల్ పాస్ (యూరప్ దేశాల రైళ్లలో పనికొచ్చే పాస్) తీసుకున్న పెద్దవారితో 12 ఏళ్లలోపు పిల్లలకు పాస్ ఉచితం, బాబుకు అప్పటికి 12 నిండవు కాబట్టి రెండు లెక్కలూ వేసి చూడండి.

ఫారెక్స్ కార్డు విషయంలో మూడు దేశాల్లో మూడు వేర్వేరు క్రోన్‌లు. మూడింటికీ మార్పిడి ఖర్చు తక్కువ ఉన్న కార్డు ఏదైనా సరే. మామూలు క్రెడిట్ కార్డు గీకితే చాలావాటికి మూడు శాతం దాకా మార్కప్ (కరెన్సీ మార్పిడి రుసుము), ఆ మార్కప్ మీద జీఎస్టీ పడతాయి. మెషీన్ మీద ‘రూపాయల్లో కడతారా’ అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీలోనే కట్టండి. నగదు ఎక్కువ పట్టుకెళ్లకండి, స్వీడన్‌లో చాలా దుకాణాలు కార్డే తీసుకుంటాయి. టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టవచ్చు. పెద్దవారికి ఫీజు 90 యూరోలు, బాబుకు 45. లోను డబ్బు హఠాత్తుగా ఖాతాలో పడి, వారానికే స్టేట్‌మెంటు తీసి జత చేస్తే, చూసేవాళ్లు ఈ 5 లక్షలు ఎక్కడివని అడుగుతారు. నేను చెప్పినట్టు చేస్తే అప్పటికి మీ ఖాతాలో జీతంతో పాటు నెలనెలా పెరుగుతూ వచ్చిన సొంత డబ్బే కనిపిస్తుంది, దానికి వేరే వివరణ రాయనక్కర్లేదు. ఈ వారంలో మాత్రం రెండు పనులు చేయండి: యాప్‌లో ఆ లోను ఆఫర్‌కు ‘వద్దు’ అని నొక్కండి, టర్మ్ పాలసీ మెడికల్ పరీక్షకు తేదీ తీసుకోండి.