కనిపెట్టుకొని ఉండడం అంటే

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలతో పెద్దమ్మ రాసేది. నీ ఉత్తరం అందింది. పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఒడి నిండలేదనీ, ప్రార్థించడానికి మాటలు కూడా మిగల్లేదనీ రాశావు. "దేవుని కోసం కనిపెట్టుకో అని అందరూ అంటారు, ఎలా కనిపెట్టుకోవాలో ఒక్కరూ చెప్పరు" అన్నావు. అక్కడే చాలాసేపు ఆగిపోయాను. నిజమే తల్లీ, మేమెవరమూ నీకు చెప్పలేదు.

ఆ మాటకు అర్థం నాకు మందిరంలో తెలియలేదు, మీ పెదనాన్న మంచం పక్కన తెలిసింది. పక్షవాతంతో మాట పడిపోయి ఆయన మూడేళ్లు మంచాన ఉన్నారు. చెంచాతో నీళ్లు పోసి గొంతు వైపే చూసేదాన్ని. గుటక పడ్డాకే రెండో చెంచా. తొందరపడితే పొలమారి ఊపిరాడేది కాదు. ఆ గుటక కోసం చూసే చూపు ఉందే, అదే కనిపెట్టుకొని ఉండడం. రోగిని కనిపెట్టుకొని ఉండు, పసిబిడ్డను కనిపెట్టుకొని ఉండు అని మనం అనేది అందుకే. మన తెలుగు బైబిలు కీర్తనల్లో ఉన్నదీ ఆ మాటే. చేతులు ముడుచుకొని కూర్చోవడం అందులో లేదు. వస్తువు కోసం చూడటమూ లేదు. ఒకరి మీద నుంచి కళ్లు తిప్పకపోవడం ఉంది.

ఆయన నోట ఒక్క మాట వినిపించమని ఆ మూడేళ్లూ దేవుణ్ణి అడిగాను. వినిపించలేదు. ఆయన అలాగే వెళ్లిపోయారు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే నీకు బిడ్డ పుట్టి తీరుతుందని నేను మాట ఇవ్వలేను. ఆ అధికారం నాకు లేదు. కానీ ఆ మూడేళ్లలో దేవుడు నా గదిలో లేడని మాత్రం ఎవరన్నా ఒప్పుకోను.

వచ్చే ఏడాది ఈ పాటికి నీ చేతిలో బిడ్డ ఉంటుందని ఒకరు ప్రవచనం చెప్పారనీ, ఆ ఏడాది గడిచిపోయాక నీదే అవిశ్వాసం అన్నారనీ రాశావు. నాకు చాలా కోపం వచ్చింది. ఎలీషా ప్రవక్త షూనేము ఊరి స్త్రీకి అలా చెప్పింది నిజమే. అది ఆ ఒక్క స్త్రీకి వచ్చిన మాట, అందరికీ పంచిపెట్టేది కాదు. ఆమె కూడా నాతో అబద్ధం చెప్పవద్దని బతిమాలుకుంది. ఆ గాయం అంత పచ్చిగా ఉంటుంది. లూకా మొదటి అధ్యాయం తీసి చూడు. జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని ఆరో వచనంలో ఉంటుంది. వాళ్లకు పిల్లలు లేరని ఏడో వచనంలో ఉంటుంది. నీతో కలిసి ప్రార్థించేవారిని రానివ్వు. తేదీలు చెప్పేవారికి తలుపు తీయకు.

మాటలు రానప్పుడు 13వ కీర్తన బయటికి చదువు. ఆరే వచనాలు. ఎంతవరకు, ఎంతకాలం అని దావీదు మొదట్లోనే మళ్లీ మళ్లీ అడుగుతాడు. చివరికి వచ్చేసరికి పాడతాడు. మధ్యలో అతని కష్టం తీరినట్టు ఎక్కడా లేదు. మొర పెట్టుకోవడం కూడా చూపు తిప్పకపోవడమే. అలిగి మాట్లాడటం మానేయకు, అలిగే మాట్లాడు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. ఎదురుచూపు చివరి ఘడియలో మనిషి ఎక్కువగా జారిపోతాడు. గిల్గాలులో సౌలు రాజు, సమూయేలు ప్రవక్త చెప్పినట్టు ఆయన కోసం ఏడు రోజులు ఆగాడు. జనం చెదిరిపోతున్నారని భయపడి తానే దహనబలి అర్పించాడు. అది ముగిసీ ముగియగానే సమూయేలు వచ్చాడు. అబ్రాహాము హారాను విడిచినప్పుడు అతనికి 75 ఏళ్లు, ఇస్సాకు పుట్టేసరికి 100. నడుమ, కనానులో పదేళ్లు గడిచాక అతని భార్య శారా ఓపిక తెగిపోయి, తన దాసి హాగరును అతనికి భార్యగా ఇచ్చింది. ఆ తొందరకు ఏడ్చింది ఎక్కువగా హాగరే, ఎడారిలో, కొడుకుతో. అందుకే చెబుతున్నాను, ఏడ్చిన రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోకు. ముఖ్యంగా మీ ఆయనను వదిలేసి ఆయన్ని ఇంకో పెళ్లి చేసుకోమంటాను అన్న ఆ మాట మళ్లీ ఎత్తకు. అది త్యాగం కాదు తల్లీ.

వైద్యం చేయించుకోవడం తొందరపాటు కాదు. సువార్త రాసిన లూకా వైద్యుడే. దత్తత ఆలోచన వచ్చినా తప్పు లేదు. మోషే, ఎస్తేరు కన్నవారి చేతుల్లో పెరిగి పెద్దైనవారు కాదు.

నువ్వు అడిగిన పెద్ద ప్రశ్నకు, ప్రేమిస్తే ఇంత ఆలస్యం ఎందుకు అన్నదానికి, నా దగ్గర జవాబు లేదు. యోహాను 11వ అధ్యాయం మాత్రం ఉంది. మార్తను, ఆమె సహోదరిని, లాజరును యేసు ప్రేమించాడు అని రాసి, వెంటనే, లాజరు జబ్బు సంగతి విన్నాక ఇంకో రెండు రోజులు ఉన్నచోటే ఉండిపోయాడు అని రాశారు. ప్రేమ, ఆలస్యం పక్కపక్కనే ఉన్నాయి. చనిపోయిన లాజరును తిరిగి లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన సమాధి దగ్గరికి వెళ్లే ముందు ఏడ్చాడు. నాకు అది చాలింది. నీకు ఈరోజు చాలకపోయినా ఫరవాలేదు.

బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త ఒక ఉత్తరం రాశాడు, ఆయన గ్రంథం 29వ అధ్యాయంలో ఉంది. విడుదలకు 70 ఏళ్లు పడుతుంది, ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని. బిడ్డ కోసమని తొమ్మిదేళ్లుగా ఒక గది మూసి ఉంచానని రాశావు కదా. దాని తలుపు తెరువు. కిటికీ తీసి గాలి రానివ్వు. నీ కుట్టు మిషను, పుస్తకాలు అందులో పెట్టుకో. బిడ్డ వస్తే వాటిని జరపడం ఎంతసేపు?

వచ్చే నెల నేను వస్తున్నాను. పది రోజులు ఉంటాను. ఆ గదిలోనే నాకు పక్క వేయి.

ప్రేమతో,
పెద్దమ్మ