డెకో పెట్టాక టీవీ, ప్రింటర్ ఫోన్‌కి కనబడకపోతే

డెకో అంటే ఇల్లంతా వైఫై అందేలా పెట్టే టీపీ-లింక్ పెట్టెలు. మోడెమ్, డెకో రెండూ రౌటర్లుగా (ఎవరి నెట్‌వర్క్ వాళ్లు నడుపుతూ) పనిచేస్తున్నాయి, గొడవంతా అదే. టీవీ, ప్రింటర్ ఇంకా పాత మోడెమ్ వైఫైలోనే (ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో పరికరం చిరునామా, 192.168.1.x) ఉన్నాయి, మీ ఫోన్ డెకో వెనక (192.168.68.x) ఉంది. అందుకే ఇంట్లో నెట్ బాగానే వస్తున్నా ఫోన్‌కి అవి కనబడట్లేదు.

1. మోడెమ్ లాన్ పోర్టు (నెట్ కేబుల్ పెట్టే రంధ్రం) నుంచి మెయిన్ డెకోకి కేబుల్ ఉండాలి.

2. డెకో యాప్‌లో మోర్, అడ్వాన్స్‌డ్, ఆపరేషన్ మోడ్‌లోకి వెళ్లి యాక్సెస్ పాయింట్ ఎంచుకోండి. అప్పుడు డెకో వైఫై మాత్రమే ఇస్తుంది, రౌటర్ పని మోడెమ్ ఒక్కటే చేస్తుంది.

3. చాలామంది వదిలేసేది ఇదే: మోడెమ్ వైఫై ఆపడం. బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఆపండి. ఒకటి ఆపి రెండోది మర్చిపోతే ఫోన్ మళ్లీ దానికే అతుక్కుంటుంది. లాగిన్ మోడెమ్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది, లేదంటే కనెక్షన్ ఇచ్చిన కుర్రాణ్ణి అడగండి. తర్వాత మోడెమ్ పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా డెకోకి పెట్టండి. టీవీ, ప్రింటర్ వాటంతటవే ఎక్కేస్తాయి.

4. ఫోన్ వైఫై వివరాల్లో ఐపీ 192.168.1.తో మొదలవ్వాలి. ఇంకా 68 ఉంటే మోడ్ మారలేదు.

కరెంటు కోతలప్పుడు ఇబ్బంది లేకుండా మోడెమ్‌నీ, డెకోలన్నిటినీ ఇన్వర్టర్ లైన్ మీదే పెట్టండి.